పేగు గడప దాటేదెంత?

ఈ స్మారకోపన్యాసం మా సార్ పేరిట ఏర్పాటైంది. సార్ కామారెడ్డిలో రసాయనశాస్త్రం చెప్పారు. రిటైరయ్యాక ఎల్లారెడ్డిలో వ్యవసాయం చూసుకున్నారు. తరగతిలో ఏ పదార్థం పేరెత్తినా ఆయన ముందు అడిగే ప్రశ్న ఒకటే: అది ఎక్కడి నుంచి వచ్చింది, చివరికి ఎక్కడికి పోతుంది? మొదటి సగానికి మేమంతా జవాబు చెప్పేవాళ్లం. రెండో సగం దగ్గర ఆగిపోయేవాళ్లం. ఇవాళ ఆ రెండో సగం గురించే మాట్లాడదామనుకుంటున్నాను. మన పొలంలో పండే పసుపు, మక్క, జొన్న, సోయా, ఆకుకూరల్లో ఉన్న మొక్కల రసాయనాలు మనం మింగిన తర్వాత ఎటు పోతున్నాయి? వాటిలో ఒంటబట్టేదెంత?

2016 అక్టోబరు 11న కామారెడ్డి వేరు జిల్లా అయ్యింది గానీ, అంతకుముందు మనమంతా నిజామాబాద్ జిల్లావాళ్లమే. పసుపు యార్డు నిజామాబాద్‌లో ఉంటే, బెల్లం మార్కెట్‌కు పేరు కామారెడ్డిది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. రైతులు ఏళ్ల తరబడి కొట్లాడి తెచ్చుకున్న బోర్డు అది. అప్పటి నుంచి ఊళ్లలో కూడా ఒక కొత్త మాట వినిపిస్తోంది: "కుర్కుమిన్ ఎంత శాతం?" పసుపుకు ఆ రంగునిచ్చే పదార్థమే కుర్కుమిన్. మందుల కంపెనీలు, ఎగుమతిదారులు దాన్ని చూసే ధర కడుతున్నారు. మామూలు పసుపు పొడిలో అది సుమారు 3 శాతం ఉంటుంది. మేఘాలయలోని లకడాంగ్ రకంలో అంతకు రెట్టింపు పైనే. మన పసుపులో ఆ శాతం పెరగాలని రైతు కోరుకోవడం న్యాయమే, అది ఆయన కష్టానికి దక్కే ధర. కానీ తినేవారి వైపు నుంచి చూస్తే లెక్క వేరు. పొడిలో 3 శాతం ఉందా, 6 శాతం ఉందా అన్నది గిన్నె వరకే. గిన్నె దాటాక లెక్క పేగు చేతిలో ఉంటుంది.

ఫంక్షనల్ ఫుడ్స్ అనే మాట ఈమధ్య ప్యాకెట్ల మీద బాగా కనిపిస్తోంది. కడుపు నింపడంతో ఆగకుండా ఆరోగ్యానికి అదనంగా ఏదో మేలు చేస్తాయని చెప్పి అమ్మే ఆహారాలివి. వీటికి మొదట చట్టబద్ధమైన గుర్తింపు ఇచ్చింది జపాన్, 1991లో. మన దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016లో వీటికి, న్యూట్రాస్యూటికల్స్‌కు కలిపి నిబంధనలు తెచ్చింది. లేబుల్ మీద ఉండేది ఒక గోలీలో, ఒక చెంచాలో ఎన్ని మిల్లీగ్రాములు ఉన్నాయన్న సంగతి. అందులో రక్తంలోకి ఎంత పోతుందో ఏ లేబులూ చెప్పదు.

ముందుగా కుర్కుమిన్‌నే వెంబడిద్దాం. కూరలో చిటికెడు పసుపు పడింది, అన్నంతో కలిసి నోట్లోకి వెళ్లింది. కుర్కుమిన్ నీటిలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. కడుపులోని ఆమ్లంలో అది బాగానే నిలబడుతుంది. కడుపు దాటి చిన్నపేగులోకి దిగగానే వాతావరణం మారుతుంది. అక్కడ ఆమ్లం తగ్గి క్షారం వైపు తిరుగుతుంది. ఇటువంటి తటస్థ ద్రావణంలో, ప్రొటీన్ల తోడు లేకుండా కుర్కుమిన్‌ను పరీక్షనాళికలో ఉంచితే అరగంటలో దాదాపు 90 శాతం విడిపోయి వేరే పదార్థాలుగా మారిపోతుందని ప్రయోగశాలల్లో చూశారు. అన్నం, పప్పు, నూనె తోడుంటే అది అంత త్వరగా చెడదు. కొవ్వును పైత్యరసం సన్నని తుంపరలుగా చేసినప్పుడు వాటిలో కలిసి పేగు గోడదాకా చేరుతుంది.

ఆ గోడను ఒకసారి దగ్గరగా చూడండి. మన పేగు లోపలి పొర మందం ఒక్క కణమే. ఆ కణాల తల మీద వేల సంఖ్యలో సన్నని వేళ్లలాంటి నిర్మాణాలుంటాయి, వాటి నుంచే ఆహారం లోపలికి వెళ్తుంది. ఒక్కో కణం మూడు నుంచి ఐదు రోజులు పనిచేసి రాలిపోతుంది, కింది నుంచి కొత్తది పైకొస్తుంది. కుర్కుమిన్ కొవ్వులో కరిగేది కాబట్టి ఆ కణం పొరను తేలిగ్గానే దాటుతుంది. లోపలికి అడుగుపెట్టగానే దాన్ని పట్టుకునే ఎంజైములు అక్కడ సిద్ధంగా ఉంటాయి. ఒకటి దానికి గ్లూకురోనిక్ ఆమ్లాన్ని తగిలిస్తుంది, మరొకటి సల్ఫేటును తగిలిస్తుంది, ఇంకొకటి దానిలోని ద్విబంధాలకు హైడ్రోజన్ చేర్చి రంగు లేని పదార్థంగా మార్చేస్తుంది. అలా గుర్తు తగిలిన అణువులను కణం పొరలో ఉన్న పంపులు చాలావరకు పేగులోకే తిరిగి నెట్టేస్తాయి. మిగిలింది కాలేయానికి పోతే అక్కడా ఇదే మర్యాద. కాలేయం దాన్ని పైత్యరసంతో కలిపి మళ్లీ పేగులోకి వదులుతుంది. చివరికి చాలా భాగం మలంతో బయటికి పోతుంది.

ఫలితం ఏమిటంటే, పసుపు తిన్నా రక్తంలో విడి కుర్కుమిన్ దాదాపు కొలవలేనంత తక్కువ. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ పరిశోధకులు ఆరోగ్యవంతులకు ఏకంగా 2 గ్రాముల కుర్కుమిన్ ఇచ్చి చూశారు. రక్తంలో దొరికింది లేదన్నంత స్వల్పం. అదే కుర్కుమిన్‌తో పాటు మిరియాల ఘాటుకు కారణమైన పిపరిన్‌ను 20 మిల్లీగ్రాములు ఇస్తే రక్తంలో దాని లభ్యత 20 రెట్లు పెరిగింది. ప్రపంచమంతా ఇప్పుడు పసుపు గోలీలో మిరియం కలిపి అమ్ముతున్నదంటే ఆ ఒక్క ప్రయోగమే దానికి పునాది. మిరియంలో పిపరిన్ దాదాపు 5 శాతం ఉంటుంది, అంటే 20 మిల్లీగ్రాములకు పది గింజల లోపు సరిపోతాయి. మన చారులో మిరియం, పసుపు కలిసే ఉంటాయి కాబట్టి పెద్దలకు ఇది ముందే తెలుసని చెప్పుకోవడం ఈమధ్య అలవాటైంది. నేనలా అనను. చారులో పడే పసుపు చిటికెడు, ప్రయోగంలో ఇచ్చింది 2 గ్రాముల శుద్ధ కుర్కుమిన్. అంత కుర్కుమిన్ కావాలంటే 60 గ్రాములకు పైగా పసుపు పొడి తినాలి. లేదన్నంత స్వల్పమైనదాన్ని 20తో గుణించినా వచ్చేది స్వల్పమే. రెంటినీ ఒక గాటన కట్టకూడదు.

మరి పసుపు తినడం దండగా? ఇక్కడే మన హైదరాబాద్ పరిశోధకులు చేసిన పని గుర్తు చేసుకోవాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో తమిళనాడులోని కూనూర్‌లో బెరిబెరి పరిశోధన విభాగంగా మొదలైంది, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. అక్కడ కల్పగం పొలాస, కమలా కృష్ణస్వామి బృందం 1992లో ఒక చిన్న అధ్యయనం ప్రచురించింది. పొగతాగే అలవాటున్న 16 మందికి రోజుకు 1.5 గ్రాముల పసుపు 30 రోజుల పాటు ఇచ్చారు. పొగాకు వల్ల మూత్రంలో బయటికొచ్చే, జన్యుపదార్థాన్ని దెబ్బతీసే పదార్థాలు వారిలో గణనీయంగా తగ్గాయి. ఇచ్చింది శుద్ధ కుర్కుమిన్ కాదు, మామూలు పసుపు. 1.5 గ్రాములంటే వంటింటి చెంచాలో సగం. రక్తంలో కుర్కుమిన్ కనిపించనంత మోతాదులోనే ఈ ఫలితం వచ్చిందన్నది నన్ను చాలా ఆలోచింపజేసిన సంగతి.

దీన్నెలా అర్థం చేసుకోవాలి? పేగు గోడే పసుపు మొదటి కార్యక్షేత్రమని నా అభిప్రాయం. రక్తంలోకి పోకపోయినా పేగు కణాల్లో, కాలేయంలో దాని పని అది చేస్తూనే ఉంటుంది. బయటి విషాలను విరగ్గొట్టే ఎంజైములు ఎక్కువగా ఉండేది ఆ రెండు చోట్లే. పసుపును పట్టుకుని గుర్తు తగిలించి పంపేసే క్రమంలో అవి ఇంకాస్త చురుకవుతాయేమో. దాని వల్ల పొగాకు విషాలు కూడా త్వరగా కొట్టుకుపోవచ్చు. మొక్కకు తన రసాయనాలు పురుగుల నుంచి, బూజు నుంచి రక్షణ కోసం కావాలి. మన దేహం వాటిని పరాయివాటిగానే చూస్తుంది. వాటిని రానివ్వకపోవడం దేహం చేసే పొరపాటు కాదు, లక్షల ఏళ్లుగా మొక్కలు తింటూ నేర్చుకున్న జాగ్రత్త. 16 మంది మీద చేసిన అధ్యయనాన్ని పట్టుకుని పసుపు క్యాన్సర్‌ను ఆపుతుందని చెప్పడం తప్పు. పొగతాగేవారికి పసుపు ఇచ్చి లాభం చూపడం కన్నా పొగ మాన్పించడం ఎన్నో రెట్లు మేలు. కానీ వంటింటి మోతాదుకు విలువ ఉందని ఆ అధ్యయనం చెప్పిన మాట మాత్రం నిలబడుతుంది.

పొగతాగేవారి మీదే చేసిన ఇంకో ప్రయోగం గురించి మీకు చెప్పి తీరాలి. అది తెలియాలంటే ముందు కెరోటిన్ సంగతి చూడాలి.

తోటకూర, పాలకూర, మునగాకు, పుంటికూర వంటి ఆకుల్లో ఉండే బీటా కెరోటిన్ నుంచి మన దేహం విటమిన్ ఏ తయారు చేసుకుంటుంది. అది లేక కళ్లు పోయిన పిల్లలు ఒకప్పుడు మన పల్లెల్లో ఎంతమందో. 1970లో దేశమంతా పిల్లలకు ఆరు నెలలకోసారి 2 లక్షల యూనిట్ల విటమిన్ ఏ చుక్కలు వేసే కార్యక్రమం మొదలైంది. దాని వెనుక ఉన్నది పోషకాహార సంస్థ పరిశోధనే. అయితే ఆ సంస్థలోని శాస్త్రవేత్తలు చుక్కలతో సరిపెట్టుకోలేదు. ఆకుకూర తింటున్న పిల్లల్లో కూడా లోపం ఎందుకుందని అడిగారు. వినోదిని రెడ్డి బృందం 1980లో ప్రచురించిన అధ్యయనంలో జవాబు దొరికింది. కొవ్వు దాదాపు లేని తిండితో ఆకుకూర పెడితే కెరోటిన్ సరిగా ఒంటబట్టదు. దానికి 5 గ్రాముల కొవ్వు తోడు చేస్తే బాగా పడుతుంది. 5 గ్రాములంటే ఒక చెంచా నూనె. పేదింటి పిల్లకు దొరకనిది ఆకు కాదు, ఆ చెంచా నూనె. పోషకాహారం మీద నేను చదివిన వాటిలో ఇంత సూటిగా మనసుకు తగిలిన ఫలితాలు కొన్నే.

దీని లోపలి పని ఇంకా అందంగా ఉంటుంది. ఆకులో కెరోటిన్ పచ్చని హరితరేణువుల్లో ప్రొటీన్లతో గట్టిగా అంటుకుని ఉంటుంది. పచ్చి ఆకు నమిలితే అది సరిగా విడిపోదు. ఉడికించి, మెత్తగా ఎనిపితే విడుతుంది. పుంటికూరను ఉడకబెట్టి, పప్పుగుత్తితో ఎనిపి, నూనెలో ఎండుమిర్చి, ఎల్లిగడ్డ పోపు పెట్టే తీరు ఇందుకు చక్కగా కుదురుతుంది. విడిన కెరోటిన్ నూనె తుంపరల్లో కరిగి పేగు కణంలోకి చేరుతుంది. అక్కడ ఒక ఎంజైము దాన్ని నడుమకు విరిచి విటమిన్ ఏ రూపాన్ని తయారు చేస్తుంది. ఆహారం నుంచి వచ్చే 12 మైక్రోగ్రాముల కెరోటిన్‌కు 1 మైక్రోగ్రాము విటమిన్ ఏ అని లెక్క.

అసలు ఆశ్చర్యం ఆ తర్వాత ఉంది. ఒంట్లో విటమిన్ ఏ నిల్వ సరిపడా ఉంటే, దాని నుంచి తయారయ్యే రెటినోయిక్ ఆమ్లం పేగు కణంలో ఒక ప్రత్యేక ప్రొటీన్‌ను మేల్కొల్పుతుంది. ఆ ప్రొటీన్ కెరోటిన్ లోపలికొచ్చే దారినీ, దాన్ని విరిచే ఎంజైమునూ రెంటినీ తగ్గించేస్తుంది. నిల్వ అడుగంటితే మళ్లీ తెరుస్తుంది. అవసరాన్ని బట్టి తెరుచుకునే, మూసుకునే గడప అది. అందుకే కిలోల కొద్దీ గాజర్ తిన్నవారికి అరచేతులు పసుపుపచ్చగా మారొచ్చు గానీ విటమిన్ ఏ విషం ఎక్కదు.

గోలీ రూపంలో ఇస్తే ఏమవుతుందో ఫిన్లండ్ చూపించింది. పొగతాగే 29,133 మంది మగవారిపై ఏళ్ల పాటు జరిగిన ప్రయోగ ఫలితాలు 1994లో వచ్చాయి. కెరోటిన్ ఎక్కువగా ఉన్న కూరగాయలు తినేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా వస్తోందని అంతకుముందు అధ్యయనాలు చెప్పాయి. కాబట్టి రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ గోలీ ఇచ్చి చూశారు. క్యాన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం పెరిగింది. అమెరికాలో ఇలాంటి మరో ప్రయోగాన్ని అదే కారణంతో 1996లో మధ్యలోనే ఆపేశారు. కూరగాయలో మేలు చేసిన పదార్థం గోలీలో కీడు ఎందుకు చేసిందన్నదానికి అనేక వివరణలున్నాయి. నా మటుకు నాకు ముఖ్యంగా కనిపించేది ఇది: కూరగాయ నుంచి కెరోటిన్ కొంచెం కొంచెంగా, పీచుతో, ఇతర పదార్థాలతో కలిసి వస్తుంది. గోలీలో శుద్ధి చేసి, తేలిగ్గా ఒంటబట్టేలా చేసిన మోతాదు ఒక్కసారిగా ఊపిరితిత్తులకు చేరింది. అక్కడ పొగ రగులుతోంది.

ఇప్పుడు గింజల వైపు వద్దాం. పోచారం, నిజాంసాగర్ నీళ్లతో మన దగ్గర వరి పెరిగింది. మంజీరకు అడ్డంగా నిజాంసాగర్ 1931లో పూర్తయ్యింది. అంతకుముందు మన కంచాల్లో జొన్న రొట్టె, జొన్న గట్క, మక్క గట్క. జొన్న, మక్క తినేవారికి పెల్లాగ్రా వచ్చేది. చర్మం నల్లబడి పొలుసులూడటం, విరేచనాలు, మతి తప్పడం దాని లక్షణాలు. దక్కను జొన్న తినే ప్రాంతాల్లో ఇది ఎక్కువ. నియాసిన్ అనే విటమిన్ లోపం వల్ల వస్తుంది. మక్కలో నియాసిన్ ఉన్నా దాన్ని పిండిపదార్థాలు గట్టిగా కట్టేసి ఉంచుతాయి కాబట్టి పేగు విప్పలేదు. మెక్సికో రైతులు వేల ఏళ్లుగా మక్కలను సున్నపు నీళ్లలో ఉడికించి ఆ కట్టు విప్పారు. మక్క యూరప్‌కు పోయింది గానీ సున్నం దానితో పోలేదు. 1735లో స్పెయిన్‌లో కసాల్ అనే వైద్యుడు ఈ జబ్బును మొదట వర్ణించాడు. జొన్న సంగతి వేరు. అందులో నియాసిన్ బియ్యంలో ఉన్నంత ఉంది. అయినా జబ్బెందుకని పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంటియా పరిశోధించారు. జొన్నలో ఎక్కువగా ఉన్న ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం దేహం సొంతంగా నియాసిన్ తయారు చేసుకోవడాన్ని దెబ్బతీస్తోందని 1960లో ప్రచురించారు. తర్వాత ఆ వివరణతో ఏకీభవించనివారూ ఉన్నారు. అయినా తిండిలో ఎంతుందని లెక్కపెట్టి ఆగిపోకూడదని ప్రపంచానికి చూపిన పని అది, చేసింది మనవాళ్లు.

జొన్నను ఇప్పుడు మళ్లీ ఆరోగ్యాహారంగా నెత్తిన పెట్టుకుంటున్నాం. మంచిదే. జొన్న తవుడులోని ఫెరులిక్ ఆమ్లం వంటి పాలీఫినాల్స్ చాలావరకు పీచుకు అతుక్కుని చిన్నపేగును చెక్కు చెదరకుండా దాటిపోతాయి. వాటిని విడదీసేది పెద్దపేగులోని బ్యాక్టీరియా. కాబట్టి తవుడు తీసేసి తెల్లగా ఆడించిన జొన్న పిండితో చేసిన బిస్కట్ మీద యాంటీ ఆక్సిడెంట్ల బొమ్మ వేయడం సరికాదు. పాతవాళ్లు అంబలిని రాత్రంతా పులియబెట్టేవారు. పులిసినప్పుడు ఐరన్‌ను, జింకును పట్టి ఉంచే ఫైటేట్ కొంత విరిగిపోతుంది.

ఉల్లిగడ్డ గురించి రెండు ముక్కలే చెబుతాను. రొట్టెతో నంజుకునే ఆ ముక్కలో క్వెర్సెటిన్ చక్కెరతో జోడై ఉంటుంది. నెదర్లాండ్స్‌లో 1995లో కొలిచినప్పుడు ఉల్లి నుంచి వచ్చినది 52 శాతం పేగులో ఇంకింది. చక్కెర లేని శుద్ధ క్వెర్సెటిన్ 24 శాతమే ఇంకింది. చక్కెర తోడును గుర్తించి కోసే ఎంజైము మన చిన్నపేగు అంచునే ఉంది, పాలలోని లాక్టోజును కోసేదీ అదే. శుద్ధి చేస్తే ఎక్కువ ఒంటబడుతుందన్న నమ్మకం ఇక్కడ తలకిందులైంది.

సోయా మాత్రం మన జిల్లాకు సొంత వ్యవహారం. మద్నూర్, జుక్కల్, బిచ్కుంద మండలాల నల్లరేగళ్లలో వానాకాలం వస్తే సోయా చేన్లు పచ్చగా పరుచుకుంటాయి. పండించేది మనమైనా తినేది తక్కువ. గింజ నూనె మిల్లుకు, పిండి కోళ్ల దాణాకు పోతుంది. సోయాలో ఐసోఫ్లేవోన్లు అనే పదార్థాలుంటాయి. వాటిలో డైడ్జీన్‌ను కొందరి పేగు బ్యాక్టీరియా ఈక్వాల్ అనే మరింత చురుకైన పదార్థంగా మార్చగలవు. సోయా నిత్యం తినే తూర్పు ఆసియాలో సుమారు సగం మందికి ఆ శక్తి ఉంటే, పాశ్చాత్య దేశాల్లో పావు నుంచి మూడో వంతు మందికే ఉంది. అంటే ఒకే గిన్నెలోని సోయా ఇద్దరు అన్నదమ్ములకు రెండు రకాలుగా ఒంటబట్టవచ్చు. జుక్కల్ రైతు కుటుంబాల్లో ఎంతమందికి ఈ శక్తి ఉందో కనుక్కోవడం ఎమ్మెస్సీ విద్యార్థికి చక్కని పరిశోధనాంశం. మూత్రం నమూనాతో తేలే పని.

మొక్కల రసాయనాలన్నీ మేలే చేస్తాయనుకోవడం కూడా తప్పే. ఛాయ్‌లోని టానిన్లు తిండిలోని ఐరన్‌ను పేగులోనే పట్టి బంధిస్తాయి. అన్నం తినగానే ఛాయ్ తాగితే ఆ భోజనంలోని ఐరన్‌లో సగానికి పైగా మనకు దక్కదు. పోషకాహార సంస్థలో బి.ఎస్. నరసింగరావు, ప్రభావతి మన తిండ్లలోని టానిన్లను, అవి ఐరన్‌ను ఎలా అడ్డుకుంటాయన్నదాన్ని దశాబ్దాల కిందటే కొలిచి చూపారు. అదే సంస్థలో మాధవన్ నాయర్ బృందం 2013లో దీనికి మరో కొస చూపింది. కౌమార వయసు పిల్లలకు అన్నం భోజనంతో పాటు జామపండు పెడితే ఐరన్ ఇంకడం దాదాపు రెట్టింపైంది. జామలోని విటమిన్ సి ఐరన్‌ను కరిగే రూపంలో నిలుపుతుంది. పొద్దంతా చాట ముందు కూర్చుని బీడీలు చుట్టే మన తల్లులను తలుచుకున్నప్పుడల్లా నాకీ ఫలితమే గుర్తొస్తుంది. అన్నం తిన్న వెంటనే ఛాయ్, ఆపైన నీరసం. ఛాయ్‌ను గంటన్నర వెనక్కి జరిపి, కాలంలో దొరికే జామకాయ ఒకటి తినమని చెప్పడానికి ఏ గోలీ అక్కరలేదు. రక్తహీనత బాగా ఉన్నవారికి ఐరన్ గోలీలు కావాలి, అవి మానమని నా మాటల్ని ఎవరూ తీసుకోవద్దు.

ఎల్లారెడ్డిలో ఒకసారి ఒక పెద్దమ్మ పసుపు గోలీల డబ్బా చేతిలో పెట్టి అడిగింది: "మోకాళ్ల నొప్పులకు మంచిదని మా మనవడు తెచ్చిండు బిడ్డా. షుగరు గోలీలు, బీపీ గోలీలు ఏసుకుంట. ఇది గూడ ఏసుకోవచ్చా?" డబ్బా మీద రాసి ఉంది, మామూలు పసుపు కన్నా ఎన్నో రెట్లు ఒంటబడుతుందని. ఆమె అడిగింది చిన్న ప్రశ్న కాదు. పిపరిన్ కుర్కుమిన్ ఒక్కదానికే దారి తెరవదు. గుర్తు తగిలించే ఎంజైములను, బయటికి నెట్టే పంపులను నెమ్మదింపజేస్తుంది. అప్పుడు ఆ దారిలో పోయే మందులు కూడా రక్తంలో పెరగవచ్చు. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, బీపీకి వాడే ప్రోప్రనలాల్, ఉబ్బసానికి వాడే థియోఫిల్లిన్ అలా పెరిగినట్టు మనుషుల్లోనే చూశారు. చారులో పడే మిరియంతో ఈ భయం తక్కువే. రోజూ వేసుకునే గోలీతో ఎక్కువ.

కాలేయం సంగతి ఇంకా తీవ్రం. 2019లో ఇటలీలో పసుపు సప్లిమెంట్లు వాడినవారిలో కాలేయ వాపు కేసులు వరుసగా బయటపడ్డాయి. అమెరికాలో మందుల వల్ల కాలేయానికి కలిగే హానిని నమోదు చేసే పరిశోధక బృందం 2022లో అలాంటి 10 కేసులను వివరించింది. ఒకరు చనిపోయారు. ఆ 10 మందిలో ఏడుగురికి ఒకే ప్రత్యేక జన్యురూపం ఉంది. ఇవి అరుదైనవే, పసుపు అంటే భయపడమని కాదు. వేల ఏళ్లుగా కూరలో తిన్న పసుపుతో ఇలాంటి కథ వినలేదు. ఒంటబట్టడాన్ని పెంచడమే పనిగా తయారు చేసిన పసుపుతో వింటున్నాం. పేగు వద్దన్నదాన్ని బలవంతంగా లోపలికి పంపినప్పుడు అది ఆహారం స్థానం నుంచి మందు స్థానానికి వచ్చింది. మందుకు ఉండవలసిన మోతాదు లెక్క, వైద్యుడి పర్యవేక్షణ, దుష్ఫలితాల నమోదు దానికీ ఉండాలి. ఫంక్షనల్ ఫుడ్ అన్న పేరుతో అవేవీ లేకుండా అమ్మడం నాకు సమ్మతం కాదు. పెద్దమ్మతో డాక్టరు సారును అడగకుండా వేసుకోవద్దని చెప్పాను. కూరలో పసుపు మాత్రం ఎప్పటిలాగే వేసుకోమన్నాను.

రంగు కోసం పసుపులో లెడ్ క్రోమేట్ కలిపే దుర్మార్గాన్ని కూడా ఇక్కడే చెప్పాలి. సీసం పిల్లల పేగులో పెద్దల కన్నా చాలా ఎక్కువగా ఇంకుతుంది. రక్తహీనత ఉన్న పిల్లల్లో మరీ ఎక్కువ, ఎందుకంటే ఐరన్ వెళ్లే దారి గుండానే సీసమూ వెళ్తుంది. కుర్కుమిన్‌ను అంత గట్టిగా ఆపే పేగు సీసాన్ని ఆపలేదు. పసుపును కొమ్ముల రూపంలో కొని మరపట్టించుకునే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది, అయితే కొమ్ములకూ ఈ రంగు పూసే అవకాశం ఉంది కాబట్టి నమ్మకమైన చోటే కొనండి.

చివరగా పసుపు బోర్డుకు, మన విశ్వవిద్యాలయాలకు ఒక విన్నపం. పసుపులో కుర్కుమిన్ శాతం కొలిచే యంత్రాలు వస్తున్నాయి, రావాలి కూడా. వాటితో పాటు మన వంటల మీద కొలతలు కావాలి. నిజామాబాద్ పసుపును నూనె పోపులో వేసినప్పుడు, పాలలో కాచినప్పుడు, చల్లచారులో మరిగించినప్పుడు కుర్కుమిన్, దాని నుంచి పుట్టే పదార్థాలు రక్తంలో, మూత్రంలో, మలంలో ఎంతెంత కనిపిస్తాయన్నది మన ప్రాంతపు మనుషుల్లోనే చూడాలి. కామారెడ్డిలో డెయిరీ టెక్నాలజీ కళాశాల ఉంది, పాలు, పెరుగుతో చేసే భాగం వారు తీసుకోవచ్చు. హైదరాబాద్‌లో పోషకాహార సంస్థ ఉంది, రక్త పరీక్షల పద్ధతులు వారి దగ్గరున్నాయి. స్వచ్ఛందంగా ముందుకొచ్చే ఊరివాళ్లకు కొదవ ఉండదు. ముందు వరుసల్లో ఉన్న మీలో ఎవరైనా ఈ పని చేపడితే, నమూనాల సేకరణ దగ్గర నుంచి పత్రం రాసేదాకా నా వంతు సాయం చేస్తాను. సభ అయ్యాక వచ్చి కలవండి.